అడగకుండా రాసిన ఇంటిపేరు

రిటైరైన పంతులును ఊరు మరిచిపోతుందేమో గానీ ఆఫీసు మరిచిపోదు. పదవీ విరమణ చేసి మూడేళ్ళు గడిచాయి. తల్లాడ దగ్గర మా చేలో పత్తి తీయడానికి మనుషులు దొరక్క తిరుగుతుంటే ఫోన్ మోగింది. మండల కార్యాలయం నుంచి ఒక కుర్రాడు.

"సార్, మీరు పనిచేసిన బడిల అడ్మిషన్ రిజిస్టర్ ఉంది గదా, దాంట్ల ఒక ఎంట్రీ మీద ఎంక్వైరీ పెట్టిన్రు. గురువారం రావాలె."

"నేను రిటైరయ్యాను నాయనా" అన్నాను.

"ఎంట్రీ రిటైర్ కాలె గద సార్" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. పత్తి చేలోనే తిట్టుకున్నాను. ముప్ఫై మూడేళ్ళు రాసిన రిజిస్టర్లలో ఏ గీత ఎక్కడ వంకర పోయిందో ఇప్పుడు ఎవడు చూడమన్నాడు? తిట్లన్నీ అయిపోయాక, అది ఏ ఎంట్రీ అయివుంటుందో నాకు తెలిసిపోయింది. అది తెలియడమే అన్నిటికన్నా చిరాకు.

కొత్తగా టీచర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అడవి బడికి పోస్టింగ్ వచ్చింది సార్, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడుగుతుంటారు. దోమతెర, టార్చిలైటు, జ్వరం మాత్రలు అని చెప్పి పెట్టేస్తుంటాను. అసలు చెప్పాల్సింది ఇది. ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లతో నేను చేసిన నిర్వాకం ఒక జన్మకు చాలు.

చర్ల దాటి లోపలికి పోతే రోడ్డు కొంతదూరం రోడ్డులా ఉండి, ఆ తర్వాత మనసు మార్చుకునేది. అక్కడ ఒక కోయ గూడెం. బడి ఒక గది, మాస్టర్ ఒకడు. ఆ ఒక్కడిని నేను. గూడేనికి అవతల వాగు, వాగు దాటితే ఇరవై దాకా గుడిసెలు. ఛత్తీస్‌గఢ్ వైపు గొడవలు ముదిరినప్పుడు అక్కడ బతకలేక అడవిలో నడిచి వచ్చినవాళ్ళు వేసుకున్నవి. వాళ్ళూ కోయలే. భాష కొంచెం తేడా, అంతే. కానీ ఇక్కడివాళ్ళు వాళ్ళను వలసోళ్ళు అనేవాళ్ళు. ఫారెస్టువాళ్ళు ఇంకేదో అనేవాళ్ళు. పోడు కొట్టుకుని జొన్నలు చల్లుకుంటే ఒకసారి గుడిసెలు పీకేశారు కూడా.

వాళ్ళ పిల్లల్ని బడిలో చేర్చమని నన్ను ఎవరూ అడగలేదు. పైగా మా పై అధికారి ఒకాయన, "వాళ్ళకు కాగితాలుండవు, రేపు లేచిపోతారు, మీకెందుకు తలనొప్పి" అన్నాడు. వద్దన్నాక ఆగే మనిషిని కాను. వాగు దాటి వెళ్ళి పిల్లల్ని అడిగాను. మొదటగా తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు ఒక బక్కపలచటి మనిషి. పాపకు ఆరేళ్ళుంటాయి. నా బల్ల కాలు పట్టుకుని నిలబడింది.

పేరేమిటన్నాను. తండ్రి చెప్పాడు. ఇంటిపేరన్నాను. అదీ చెప్పాడు. నాకు రెండూ సరిగా వినపడలేదు. నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి నామోషీ. మాస్టర్ని కదా, నాకు తెలియని పేరు ఉండకూడదు కదా. అప్పుడు బడి వరండాలో చుట్ట కాలుస్తూ గూడెం పెద్ద కూర్చుని ఉన్నాడు. బడికి పైకప్పు రేకులు తెప్పించిందీ, నాకు ఉండటానికి కొట్టం ఇచ్చిందీ ఆయనే. లోపలికి తొంగిచూసి, "మా ఇంటిపేరు ఎయ్యి సార్. పోరి సదువుకోవాలె గద. ఎవరడుగుతరు?" అన్నాడు.

సమస్య తీరిపోయింది. ఆ పెద్ద ఇంటిపేరు రాశాను. పాపకు ఒక మంచి తెలుగు అమ్మవారి పేరు పెట్టాను. పుట్టిన ఊరు: ఈ గూడెమే. మాతృభాష: తెలుగు. తండ్రి పేరు కూడా కొంచెం సాపు చేశాను. కింద 'పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం అచ్చువేసి ఉంటుంది. దాని పక్కన ఆ తండ్రి వేలు పట్టుకుని సిరాలో అద్ది ముద్ర వేయించాను. ఇదేమిటని ఆయన పెద్దను వాళ్ళ భాషలో అడిగాడు. "బడిల చేరినట్టు" అని పెద్ద చెప్పాడు. ఆయన నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సంవత్సరం ఈ పాపతో కలిపి తొమ్మిది మందికి అలాగే పేర్లు పెట్టి, అదే ఇంటిపేరు రాశాను. ఎంత గొప్ప పని చేశానని చంకలు గుద్దుకున్నానో చెప్పలేను. ఆగస్టు పదిహేనుకు జెండా కింద నిలబడి, మనమంతా ఒక్కటే, మనలో పరాయివాళ్ళు లేరు అని ఉపన్యాసం ఇచ్చాను. బడిలో వాళ్ళ భాష మాట్లాడితే బెంచీ ఎక్కించాను. అలా చేస్తేనే తెలుగు త్వరగా వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. ఆ పాప ఏడాది తిరక్కుండానే సంతలో తండ్రికి దుబాసీ అయింది. బోర్డు మీద 'భిన్నత్వంలో ఏకత్వం' అని రాయించేవాణ్ణి. నా చేతిలో సుద్దముక్కతోపాటు డస్టర్ కూడా ఉందని, నేను ఎక్కువగా వాడుతున్నది దాన్నేనని నాకు తట్టలేదు. అప్పుడు నాకేం తట్టింది గనక.

తర్వాత నాకు మణుగూరు వైపు బదిలీ అయింది. ఆ పాప ఆశ్రమ పాఠశాలలో చదివిందని, భద్రాచలంలో ఇంటర్ చేస్తోందని అప్పుడప్పుడు తెలిసేది. నా శిష్యురాలని నలుగురికీ చెప్పుకున్నాను.

గురువారం పొద్దున చర్లలో బస్సు దిగేసరికి ఆ అమ్మాయి నిలబడి ఉంది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. పద్దెనిమిదేళ్ళ మనిషి. నమస్తే పెట్టింది గానీ నవ్వలేదు.

"నర్సింగ్ సీటు వచ్చింది సార్. కులం సర్టిఫికెట్ పెడితేనే ఇస్తరు. సోమవారం ఆఖరు."

"మరి ఇన్నాళ్ళూ ఏం చూపించావు?"

"మీరు రాసిచ్చిన టీసీల కోయ అనే ఉంది గద. ఎవరూ అడగలే. ఇప్పుడు గూడెంల పోరగాళ్ళు అర్జీ పెట్టిన్రు. ఈ పిల్ల మనోళ్ళ పిల్ల కాదు, మన ఇంటిపేరు పెట్టుకుని మన సీటు తింటదని."

అర్జీ పెట్టినవాళ్ళ మీద నాకు కోపం రావాలి. రాలేదు. వాళ్ళూ నా దగ్గర చదివినవాళ్ళే. ఉన్న సీట్లు నాలుగు, ఎదురుచూసే ఇళ్ళు నలభై. వాళ్ళు రాసింది అబద్ధం కూడా కాదు. రిజిస్టర్లో ఉన్నదే అబద్ధం.

"గూడెం పెద్దాయన ఉన్నాడు కదా. మా ఇంటి పిల్లే అని ఒక్క మాట చెబితే సరిపోతుంది" అన్నాను.

"మామ అనడంట సార్."

"మామ ఎవరు?"

"ఆయనే. మా అన్నకు ఆయన చిన్నబిడ్డనిచ్చిండు. రెండేండ్లాయె."

నా మొహం విప్పారింది. "ఇంకేం మరి. చుట్టాలైపోయారు. చెప్పడం ఇంకా తేలిక."

ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. మా తరగతిలో ఎంత చెప్పినా లెక్క ఎక్కనివాణ్ణి నేను అలా చూసేవాణ్ణి.

"సార్, మీ ఇంట్ల ఒకే ఇంటిపేరోళ్ళకు పెండ్లి చేస్తరా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మేం ఆయన ఇంటోళ్ళమే అని కాగితం మీద పడితే, మా అన్న మా వదినకు అన్న అయితడు. ఒకే ఇల్లు, ఒకే వేల్పు. మా కోయోళ్ళల్ల ఒక వేల్పోళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. గూడెంల కూసోబెట్టి తప్పు కట్టమంటరు, వెలేస్తరు. వదినకు ఎనిమిదో నెల."

"మరి మీ అన్నకు ఈ ఇంటిపేరు..."

"మా అన్న బడికి రాలే సార్. గందుకే ఆయన పేరు బాగుంది."

ఆటో ఎక్కి గూడేనికి బయలుదేరాం. మా ఇంట్లో మేనల్లుడికి సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, గోత్రం అని పది ప్రశ్నలు వేసిన మనిషిని నేను. ఆ పిల్లలందరినీ ఒక్క కలంపోటుతో ఒకే ఇంట్లో పడేసినప్పుడు, రేపు వీళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటారన్న ఆలోచనే రాలేదు. వాళ్ళకూ ఒక ఇల్లు, ఒక వేల్పు, ఒక వరస ఉంటాయని లోపల ఎక్కడో నేను నమ్మలేదన్నమాట. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

విచారణ పంచాయతీ ఆఫీసులో. తహసీల్దారు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, ఓపికగల మనిషి. పక్కన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, బల్ల మీద నా రిజిస్టర్. నా దస్తూరీ అంత గుండ్రంగా ఉండేదా అనిపించింది. అర్జీ పెట్టిన కుర్రాళ్ళు గోడవార కూర్చున్నారు, నన్ను చూసి లేచినట్టు కదిలి మళ్ళీ ఆగిపోయారు. కుర్చీ వేసినా ఆ తండ్రి నేల మీదే గొంతుక్కూర్చున్నాడు. గుమ్మం మెట్టు మీద పెద్దాయన చిన్న కూతురు, నిండు చూలాలు, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది.

తహసీల్దారు పెద్దాయన్ను అడిగింది. "ఈ అమ్మాయి మీ ఇంటి పిల్లేనా? మీ ఇంటిపేరే రాసి ఉంది."

ఆయన చుట్ట చెవి మీద నుంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ముసలివాడైపోయాడు.

"అమ్మా, ఆ దినం నేనే చెప్పిన. ఎయ్యిమన్న. బడికి ఏసుకునే అంగీ అనుకున్న. సదువైనంక ఇప్పేస్తరు అనుకున్న. అది తోలుకు అంటుకుంటదని నాకేం ఎరుక."

"అది కాదు పెద్దాయనా. అవునా, కాదా?"

ఆయన కూతురి వైపు చూశాడు. తర్వాత నర్సింగ్ సీటు వచ్చిన అమ్మాయి వైపు చూశాడు.

"అవ్ అంటే ఈ పోరికి సీటు. గదే మాటకు నా బిడ్డ అన్ననే చేసుకున్నదైతది. కడుపుల పానానికి ఏ వేల్పు, ఏ ఇల్లు? కాదమ్మా. వీళ్ళు మా ఇంటోళ్ళు కాదు. మా ఇంటోళ్ళు కాదు గాబట్టే మావోళ్ళయిన్రు. పిల్లనిచ్చుకున్నం."

గోడవార ఉన్న కుర్రాళ్ళలో ఒకడు తల దించుకున్నాడు. వాళ్ళు గెలిచారు, కానీ వాళ్ళకూ అది బాగా లేదు.

తహసీల్దారు రాసుకుంది. తర్వాత పేజీ తిప్పి, వేలిముద్ర దగ్గర వేలు పెట్టింది. "అయితే ఇది తప్పుడు ధ్రువీకరణ. ఇచ్చింది తండ్రి. దీని మీద కేసు పెట్టాలి. అమ్మాయి పేరు కూడా అందులో ఉంటుంది."

కేసంటే ఆ అమ్మాయి ఇక ఏ రాష్ట్రంలోనూ, ఏ సర్టిఫికెట్టూ అడగడానికి వీలుండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ నా ముందుకు ఒక తెల్లకాగితం జరిపాడు. ఎప్పటి నుంచో తెలిసినవాడు, నా మంచి కోరేవాడు. చెవి దగ్గర చెప్పాడు. "సార్, తండ్రి చెప్పిన ప్రకారం నమోదు చేసితిని అని ఒక్క ముక్క రాయుండ్రి. అందరు హెడ్మాస్టర్లు రాసేదే. మీ పెన్షన్‌కు ఢోకా ఉండదు."

నేను పెన్ను తీశాను. మీరు నన్ను గొప్పవాణ్ణి అనుకోకూడదు గనక జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. 'తండ్రి చెప్పిన' దాకా రాశాను. ముప్ఫై మూడేళ్ళు అదే వాక్యం రాసిన చేయి, దానంతటదే రాసేస్తుంది.

అప్పుడు ఆ తండ్రి లేచి బల్ల దగ్గరకొచ్చాడు. రిజిస్టర్లో తన వేలిముద్రను గుర్తుపట్టాడు. కూతుర్ని వాళ్ళ భాషలో ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?" అంది తహసీల్దారు.

"నా ఏలు పక్కన ఏం రాసుందని అడుగుతుండు మేడమ్."

పన్నెండేళ్ళలో ఆయనకు అది ఎవరూ చదివి వినిపించలేదు. నేను వినిపించలేదు.

రాసింది కొట్టేసి కింద కొత్తగా మొదలుపెట్టాను. ఈ మనిషి తన పేరు, ఇంటిపేరు సరిగానే చెప్పాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగలేదు. నాకు తోచినవి రాసి, ఏమి రాశానో చెప్పకుండా వేలిముద్ర వేయించుకున్నాను. ఇందులో ఆయన తప్పు గానీ, అమ్మాయి తప్పు గానీ లేదు. సంతకం పెట్టాను. తహసీల్దారు రెండుసార్లు చదివింది.

"మాస్టారూ, ఇది మీ మీదికి వస్తుంది."

"రానివ్వండమ్మా" అన్నాను. ధైర్యంగా అన్నానని మీరు అనుకుంటారేమో. మా ఆవిడకు ఏం చెప్పాలా అని అప్పుడే లెక్క వేసుకుంటున్నాను.

తండ్రి మీద కేసు లేదు. రిజిస్టర్లో పేరు సరిచేయమని ఉత్తర్వు. ఇంతవరకు బాగానే ఉంది. సర్టిఫికెట్ మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? ఇప్పుడామె ఇక్కడి పిల్ల కాదు, వలస వచ్చినవాళ్ళ పిల్ల. కులం కాగితం సొంత రాష్ట్రంలో తెచ్చుకోమన్నారు. అక్కడి కాగితం తెచ్చినా ఇక్కడి సీటుకు పనికిరాదు. అక్కడికి పోతే, మీరు ఇక్కడ ఉండటం లేదు కదా అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే మేలు జరుగుతుందని ఎంతమంది పిల్లలకు పాఠం చెప్పానో. నా అబద్ధం ఆమెను సీటు దాకా తీసుకెళ్ళింది. నా నిజం ఆ సీటు పోగొట్టింది. ఈ రెండింటి మధ్య నేను చేసిన సేవ ఏమిటో ఎవరైనా చెబితే వింటాను.

బయటికి వచ్చాక ఆమెకు క్షమాపణ చెప్పబోయాను.

"వద్దు సార్" అంది. "పొద్దుటి సంది అందరు అయ్యో పాపం అంటున్నరు. మామ అన్నడు, మేడమ్ అన్నది, ఆ అర్జీ పెట్టినోడు గూడ అన్నడు. సీటు ఎవరిస్తరు?"

కాస్త దూరం నడిచాక తనే మళ్ళీ అంది. "మీరు ఆ దినం మా నాయనను ఇంకొక్కసారి అడిగుంటే అయిపోతుండె." ఇంకొంచెం నడిచాక, "అసలు పేరే రాస్తే, మీ పై సారు బడిల చేర్చుకోనియ్యకపోవునేమో. అది గూడ ఎరికే నాకు" అంది. తిట్టడం మొదలుపెట్టి మధ్యలో నాకే వకాల్తా పుచ్చుకుంది. నన్ను పూర్తిగా తిట్టే సుఖం కూడా ఆ అమ్మాయికి మిగల్చలేదు నేను.

తర్వాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబిచ్చాను. అదే ప్రశ్న ఇంకో నంబరుతో మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇచ్చాను. ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో నాకు తెలియదు. మిగతా ఎనిమిది మంది పిల్లల ఎంట్రీలు ఉన్నాయని నేనే గుర్తుచేస్తూ ఉత్తరం రాశాను. దానికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. ఇప్పుడు ఒక్కొక్క ఇంటికీ పోయి అసలు పేర్లు అడిగి రాసుకొస్తున్నాను. వాళ్ళు చెబుతారు, నేను తిరిగి పలుకుతాను, వాళ్ళు నవ్వుతారు, మళ్ళీ చెబుతారు. అరవై దాటాక నోరు తిరగడం కష్టమే గానీ తిరుగుతుంది. అప్పుడైతే ఇంకా బాగా తిరిగేది.

సోమవారం గడువు పోయింది. సీటు వేరే అమ్మాయికి ఇచ్చారు. ఈమె భద్రాచలంలో ఒక మందుల షాపులో పనికి కుదిరి, కులం కాగితాల కోసం సరిహద్దు అవతలి ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్ళాను. నన్ను చూసి ఆ గుమాస్తాకు జాలి వేసినట్టుంది, రేపు రమ్మన్నాడు. రెండోసారీ రేపే రమ్మన్నాడు.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. దవాఖానా నుంచి. వెనకాల పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"సార్, వదినకు కొడుకు పుట్టిండు."

సంతోషమన్నాను. తల్లీ బిడ్డా బాగున్నారా అన్నాను.

"మంచిగున్నరు. రాత్రి సంది నేనే ఉన్న వదిన కాడ. ఇక్కడ నర్సులు మస్తు పని చేస్తరు సార్. చూసుకుంట కూసున్న."

వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టొచ్చు, వయసు ఉంది కదా అని ఏదో మొదలుపెట్టాను. ఆమె వినలేదు.

"బర్త్ సర్టిఫికెట్‌కు ఇంటిపేరు అడిగిన్రు సార్. అన్న బయట ఉన్నడు, నేనే చెప్పిన. ఆ సిస్టర్‌కు సమజ్ కాలే. ఏదో ఒకటి, మామూలుది చెప్పు, జల్దీ రాసుకుంట అన్నది."

"నువ్వేమన్నావు?"

"ఇంకోసారి అడుగు మేడమ్, చెప్త అన్న. నాలుగు సార్లు చెప్పిన. రెండుసార్లు కొట్టేయించిన. మీరు రాసినట్టు రాసుకోనియ్యలే సార్."